స్వామికార్యం, స్వకార్యం, సూర్యకార్యం

మా అక్క మనవడు డాలస్‌లో ఉంటాడు. వచ్చే ఏడాది కాలేజీలో చేరాలి. అక్కడ సీటుకు మార్కులొక్కటే చాలవట, పిల్లాడికి జాలిగుండె ఉందని కూడా కాగితం మీద చూపించాలట. ఆ గుండె డాలస్‌లో కొట్టుకుంటే లెక్కలోకి రాదు. విమానమెక్కి ఎక్కడో కొండల మీద కొట్టుకోవాలి. అందుకని నిరుడు జూన్‌లో వాణ్ణి రెండు వారాలకు పెరూ దేశం పంపారు. రుసుం మూడు వేల డాలర్ల పైచిలుకు, విమానం ఖర్చు వేరే. పంపే ముందు, ఆ యాత్ర నడిపే సంస్థ కరపత్రాన్ని అక్క నాకు వాట్సాప్‌లో పెట్టింది. స్థానిక వేసవి పండగలు చూస్తూ సేవ చేసుకోవచ్చునన్నది దాని సారాంశం.

నేను వేసవి దగ్గరే ఆగిపోయాను. వాడు వెళ్లే కుస్కో నగరం భూమధ్యరేఖకు దిగువన ఉంది. జూన్ అక్కడ నడి చలికాలం. ఊరు ఉన్నది దాదాపు 3,400 మీటర్ల ఎత్తున. రాత్రిళ్లు చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. జూన్ 24న జరిగే ఇంతి రైమి పుట్టిందే అందుకు. సూర్యుడు దూరమై, పగలు కురచబడిన రోజుల్లో, స్వామీ ఇక ఇటు తిరుగు అని ఇంకా జాతివాళ్లు వేడుకున్న పండగ అది. మన సంక్రాంతికి దక్షిణార్ధగోళంలో ఉన్న చుట్టం అనుకోండి. చలికి వణుకుతూ సూర్యుణ్ణి బతిమాలే పండక్కి వేసవి పండగని పేరు పెట్టాలంటే మామూలు తెలివి చాలదు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లను చూశాం. వీళ్లు ముందు గొడుగు విప్పి, తర్వాత ఎండ పుట్టించారు. ఆ వేసవి పెరూది కాదు, సెలవులిచ్చిన అమెరికా బడిది. డబ్బు కట్టేవాడికి వేసవైతే లోకమంతటికీ వేసవే.

ఇక సేవ. వాడు తిరిగొచ్చాక వేళ్లు మడిచి లెక్క చెప్పించాను. మొత్తం పధ్నాలుగు రోజులు. రాకపోకలకు రెండు పోయాయి. ఎత్తు పడక తలనొప్పితో, కోకా ఆకుల టీ తాగుతూ మంచం మీద రెండు. మాచు పిచ్చుకు, ఆ చుట్టుపక్కల లోయలకు మూడు. ఇంతి రైమి రోజు ఒకటి. ఇంకో రెండు రోజులు బడికి వెళ్తే తరగతిలో పిల్లల్లేరు. జూన్ కుస్కోకు పండగ నెల. బడిపిల్లలు, కాలేజీ వాళ్లు అందరూ ప్లాసా దే అర్మాస్ కూడలిలో జట్లు జట్లుగా నాట్యాలాడతారు. పిల్లలు పండగ చేసుకోవడానికి పోయారు, పండగ చూడ్డానికి వచ్చినవాడు ఖాళీ తరగతిలో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. మిగిలినవి నాలుగు రోజులు, అదీ ఒంటిపూట.

ఆ నాలుగు పూటలూ ఇంగ్లీషులో రంగుల పేర్లు నేర్పాడు. వీడు ఎర్ర కాగితం పైకెత్తకముందే పిల్లలు 'రెడ్' అని అరిచేవారట. ఎత్తాల్సిన తర్వాతి కాగితం ఏదో కూడా వాళ్లే చెప్పారట. ముందు వచ్చిన బ్యాచ్ నేర్పింది రంగులే, దానికి ముందు బ్యాచ్ నేర్పిందీ రంగులే. ఏ బ్యాచ్ అయినా వచ్చేది మొదటి పాఠానికే కదా. రెండో పాఠం నాటికి విమానం టైమవుతుంది.

ఇంచుమించు అదే రోజుల్లో వచ్చే ఆషాఢ బోనాలకు వాణ్ణి హైదరాబాదు పంపితే అమ్మవారి గుడి దగ్గర నాలుగు బిందెల నీళ్లయినా మోసేవాడు కదా అని అక్క కూతుర్ని అడిగాను. ఫోన్లోనే నవ్వేసింది. 'సొంతూళ్లో చేస్తే దాన్ని పనంటారు మామయ్యా' అంది.

వాడు చూపించిన ఫోటోల్లో ఒకటి మాత్రం నన్ను పట్టుకుంది. బస చేసిన ఇంటి గుమ్మంలో ఎవరో పళ్లెమంత గుండ్రటి రొట్టె ఇస్తున్నారు, ఇంటావిడ రెండు చేతులా అందుకుంటోంది. వాడు కింద 'ఎంత ఆప్యాయతో!' అని రాశాడు. అది ఆప్యాయత కాదు నాయనా, అప్పు పత్రం. ఆ ప్రాంతంలో ఊరి పండగ భారాన్ని ఏడాదికొకరు నెత్తినేసుకుంటారు. అతన్ని కార్గుయోక్ అంటారు. మన జాతర్లలో ఉభయదార్ల వంటివాడు. అతను పండక్కి ముందే ఇంటింటికీ రొట్టె పట్టుకెళ్తాడు. దాని పేరు హుర్కా. పుచ్చుకున్నారంటే బ్యాండుకో, భోజనాలకో, బాణసంచాకో తమ వంతు ఇస్తామని మాట ఇచ్చినట్టే. ఇచ్చింది గుర్తుంటుంది, రేపు వాళ్లింటి అవసరానికి తిరిగి వస్తుంది. ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. ఈ పద్ధతిని కెచువా భాషలో ఐని అంటారు. సేవ అంటే ఏమిటో గుమ్మంలో జరుగుతుంటే మనవాడు ఫోటో తీసుకున్నాడు. రాత్రి ఆ రొట్టెలో ఒక ముక్క తిన్నాడు కూడా. వాడి వంతు ఎవరూ అడగలేదు, ఎందుకంటే వాడు లెక్కలో లేడు.

ఇంతి రైమి మీద నాకు కోపం లేదు. స్పానిష్ వాళ్లు నిషేధించిన ఆ పండగను 1944లో కుస్కో వాళ్లు మళ్లీ నిలబెట్టారు, 1609లో గార్సిలాసో అనే రచయిత అచ్చువేయించిన గ్రంథంలోని వర్ణన ఆధారంగా. నటులుంటారు, కెచువాలో సంభాషణలుంటాయి, సక్సాయ్‌వామాన్ కోట ముందు కుర్చీలుంటాయి. కుర్చీకి వంద డాలర్లు దాటుతుంది. ఊరివాళ్లు చాలామంది చుట్టూ ఉన్న గుట్టల మీద కూర్చుని ఉచితంగా చూస్తారు. అక్కడే మట్టిపెళ్లలు గుమ్మటంలా పేర్చి లోపల మంట వేస్తారు. పెళ్లలు బాగా కాలాక బంగాళాదుంపలు వేసి, గుమ్మటాన్ని వాటిమీదే కూలగొట్టి కప్పేస్తారు. కాసేపటికి తవ్వి, మట్టి దులిపి, వేళ్లు కాల్చుకుంటూ తింటారు. దాన్ని వాతియా అంటారు. తంపటి వేసి తేగలు కాల్చుకున్న వాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు. కుర్చీ కొన్న పర్యాటకుడు కుర్చీ కొన్నానంటాడు, గుట్టెక్కినవాడు దుంపలు తిన్నానంటాడు. ఇద్దరూ నిజాయితీపరులే. కుర్చీలో కూర్చుని వచ్చి సేవ చేశానన్నవాడితోనే నా పేచీ.

రంగుల పాఠంతో పోయేదేముంది, పోనీలే అనుకుందును. కానీ ఈ బేరం అన్నిచోట్లా ఇంత అమాయకంగా లేదు. కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు పిల్లల ఆశ్రమాలు 75 శాతం పెరిగాయని యూనిసెఫ్ లెక్క తేల్చింది. అంతమందిని అనాథల్ని చేసేంత యుద్ధమూ లేదు, ఉప్పెనా లేదు. ఆ పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారు. పెరిగింది అనాథలు కాదు, అనాథల్ని చూడ్డానికి డబ్బు పట్టుకొచ్చేవాళ్లు.

మళ్లీ కుస్కోకే వస్తే, ఆ దగ్గరే కొయ్యుర్ రిటి అని మంచుకొండ యాత్ర ఉంది. ఉకుకులనే ఎలుగుబంటి వేషగాళ్లు హిమానీనదం నుంచి మంచుగడ్డలు వీపున మోసుకొచ్చేవారు, తీర్థంలా. మంచు తరిగిపోతోందని గ్రహించి ఆ ఆచారాన్ని వాళ్లే మానుకున్నారు. ఖండం దాటి రంగులు నేర్పడానికి వెళ్లిన మనవాడికి ఈ సంగతి కరపత్రంలో కనబడలేదు.

కాలేజీకి రాసిన వ్యాసం నాకూ పంపాడు. నేను వాళ్లకు నేర్పిన దానికన్నా వాళ్లు నాకు నేర్పిందే ఎక్కువ అని ముగించాడు. వినయం నటించబోయి పిల్లాడు నిజం రాసేశాడు. వాడు నేర్పింది మూడు రంగులు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కరపత్రం దిగి ఉంటే, పిల్లల్ని ఆపకండి. కుస్కో చూడదగ్గ ఊరు. టికెట్టు కొనివ్వండి, దుంపలు తినమనండి, ఎవరైనా రొట్టె ఇస్తే అదెందుకో అడిగి పుచ్చుకోమనండి. సేవ అన్న మాట మాత్రం రాయనివ్వకండి. జూన్‌లో అయితే స్వెట్టర్ పెట్టండి.