ఎంతిస్తారండీ? గోదారి క్రియేటర్లకు కొలాబ్ చిట్కాలు

పుష్కరఘాట్ మెట్ల మీద రోజ్‌మిల్క్ తాగుతూ తీసిన రీల్ ఒక్కటి లక్ష వ్యూస్ దాటితే చాలు, మీరు ఇన్‌ఫ్లుయెన్సర్ అయిపోయినట్టే. ఇక కష్టపడాల్సిన పనిలేదు. కింద చెప్పినట్టు చేయండి. ఆరు నెలల్లో రాజమండ్రి నుంచి నరసాపురం దాకా మీ నంబరు సేవ్ చేసుకోని షాపు ఉండదు. ఏ పేరుతో సేవ్ చేసుకుంటారన్నది వాళ్ళిష్టం.

1. రేటు మాత్రం మీ నోటితో చెప్పకండి. ఆత్రేయపురం పూతరేకుల షాపు ఓనరు గారు ఫోన్ చేసి "ఎంత తీసుకుంటారండీ?" అంటే, "ఆయ్, మీ దగ్గర రేటేంటండీ బాబాయ్ గారూ, మీకు తోచింది ఇవ్వండి" అనండి. మర్యాద దక్కుతుంది, లెక్క కట్టే శ్రమ తప్పుతుంది. ఆయనకి తోచేది రెండు డబ్బాల పూతరేకులు. నవ్వుతూ పుచ్చుకోండి. బెల్లంవా, పంచదారవా అని అడగడం మర్చిపోకండి. తర్వాత ఆయనకి తప్ప ఊరందరికీ ఆయన పిసినారితనం గురించి చెప్పండి. ఎడిటింగుకి రెండు రాత్రులు పడుతుంది, కెమెరా అద్దెకి తేవాలి లాంటి మాటలు ముందే అన్నారో, ఆయన నిజంగానే డబ్బులిచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు పని కూడా చేయాల్సొస్తుంది.

2. హైదరాబాద్ ఏజెన్సీ అయితే పద్ధతి వేరు. రీచ్ ఎంత, చూసేవాళ్ళు ఏ ఊరివాళ్ళు, ఎంతమంది షేర్ చేస్తున్నారు అని చంపుతారు. ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ పంపమంటే ఫోన్ గోదాట్లో పడిపోయిందనండి. మరి ఈ ఫోనెవరిదంటే మా బావదనండి. ఫీజు లెక్క తేలిక: బండి ఈఎంఐ, సంక్రాంతికి భీమవరం పందేల్లో పోయింది, రెండూ కూడి చివర ఒక సున్నా పెట్టండి. ఫాలోవర్లు చాలకపోతే కొనుక్కోండి. కామెంట్లన్నీ అరబ్బీలో ఉన్నాయేంటని ఎవరైనా అడిగితే, మన కోనసీమవాళ్ళు సగం గల్ఫ్‌లోనే కదండీ అనండి.

3. తాపేశ్వరంలో ఒక కాజా షాపుకి ఐదు వేలు చెప్పండి. ఇన్నోవాలో దిగిన రెండో షాపాయనకి పాతిక వేలు చెప్పండి. ఒకే రోజు రెండు రీళ్ళూ పెట్టి, రెండింట్లోనూ "ఇంతకు మించిన కాజా భూమ్మీద లేదు" అనండి. వాళ్ళిద్దరూ వియ్యంకులైతే అది మీకు సంబంధం లేని విషయం.

4. అగ్రిమెంట్ చదవకండి. "శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో" అన్న ముక్క చిన్నక్షరాల్లో ఉంటుంది, కళ్ళకి మంచిది కాదు. తెలివి లేనివాళ్ళు వీడియోని ఎన్ని నెలలు వాడుకుంటారు, యాడ్‌గా బూస్ట్ చేస్తారా అని అడిగి, ఒక్కోదానికి విడిగా ఛార్జ్ చేస్తారు. మీరు సంతకం పెట్టేయండి. ఐదేళ్ళ తర్వాత కూడా కోటిపల్లి బస్టాండు హోర్డింగ్ మీద నవ్వుతూ ఉంటారు, అదే ఫీజుకి.

5. అడ్వాన్స్ మొత్తం ముందే లాగండి. పులస పులుసు రీల్‌కి శ్రావణంలో తీసుకుని సంక్రాంతికి పోస్ట్ చేయండి. వాయిదాలకి గోదావరి తల్లే దారి చూపించింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడు హెచ్చరికలంటే మూడు వాయిదాలు. మే నెలలో మాత్రం వాడకండి, అనుమానమొస్తుంది.

6. ఉప్పాడ జాంధానీ చీర షూటింగుకిచ్చి తిరిగి అడిగితే, "మా అమ్మగారు కట్టేసుకున్నారండీ" అనండి. ఏడాదిలో 20 వేలు దాటిన ఇలాంటి కానుకల మీద ఇచ్చినవాళ్ళే 10 శాతం పన్ను కోయాలని 2022 జులై 1 నుంచి రూలు పెట్టారు. ఉంచుకుంటే లెక్కలోకొస్తుంది, వెనక్కిస్తే రాదు. కాబట్టి కొత్త ఫోన్ వస్తే కంపెనీకి "పంపేశాం" అని మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్ ఆ ఫోన్‌తోనే పెట్టండి, కెమెరా కూడా టెస్ట్ చేసినట్టుంటుంది.

7. డబ్బు తీసుకున్న ప్రచారమైతే స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. డబ్బు తీసుకున్నామన్న ముక్క హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయకూడదని కూడా రాశారు. ఉపాయం వాళ్ళే చెప్పారన్నమాట. నోటితోనే చెప్పాలని పట్టుబడితే, పాపికొండల లాంచీలో ఇంజన్ పక్కన నిలబడి చెప్పండి.

8. రేటు ఎక్కువన్నవాళ్ళకి వాయిస్ మెసేజ్‌లో బుద్ధి చెప్పండి. టైపు చేస్తే ఘాటు తగ్గుతుంది. 2025 ఏప్రిల్‌లో మన రాజమండ్రి పచ్చళ్ళ వ్యాపారం ఒకటి, ఇంత ధరేంటని వాట్సాప్‌లో అడిగిన కస్టమర్‌కి ఇలాగే జవాబిచ్చింది. ఒక్క ఆడియోతో రెండు రాష్ట్రాల్లో పేరు మోగిపోయింది. అంత రీచ్ కొనాలంటే ఎంతయ్యేదో లెక్కేసుకోండి.

9. ఇవేవీ కుదరకపోతే బెట్టింగ్ యాప్ ఉండనే ఉంది. వాళ్ళు బేరమాడరు, మీ రేటుకి పదింతలు వాళ్ళే చెబుతారు. ఎందుకండీ అని అడగడం అపశకునం. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు సినిమావాళ్ళ మీదా ఇన్‌ఫ్లుయెన్సర్ల మీదా ఇందుకే కేసులు పెట్టారు. ఆగస్టులో ఢిల్లీ చట్టమే తెచ్చింది: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. హైదరాబాద్ మనకి దూరం, ఢిల్లీ ఇంకా దూరం. ఒకవేళ నోటీసు వస్తే తల దువ్వుకోకుండా తెల్లగోడ ముందు కూర్చుని, "నాకేం తెలీదండీ, నేనూ మీలాగే మోసపోయాను" అని వీడియో చేయండి. ఎనిమిది నిమిషాలకి తగ్గకుండా ఏడవండి. అంతకంటే చిన్నదైతే యూట్యూబ్ మధ్యలో యాడ్ పెట్టుకోనివ్వదు.