భాగాలన్నీ క్షేమం

మనోహరాబాద్‌లో జేబుకు లావుపాటి నల్లపెన్ను పెట్టుకుని తిరిగేవాళ్లు ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒక సంగతి వాకబు చేసుకుంటారు: పెన్నుల సారు ఇవాళ ఏ హోటల్లో చాయ్ తాగుతున్నాడని. సారు రిటైరైన పంతులు. చెడిపోయిన పెన్ను తెచ్చి ముందు పెడితే మొహం చిట్లిస్తాడు. ఆయనకు శుభ్రంగా రాస్తున్న పెన్నే కావాలి.

"మంచిగ రాస్తుందా? అయితే లోపల ఏమున్నదో సూడాలె గద!"

ఈ తర్కానికి ఇప్పటిదాకా ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. చెప్పేలోపే మూత ఊడిపోతుంది మరి.

ఒకటి మాత్రం ఊరంతా ఒప్పుకుంటుంది. ఆయన చేతిలో పాళీ వంగలేదు, దాని కింద సిరా అందించే నాలుక విరగలేదు, మర అరగలేదు. విప్పిన పెన్ను తిరిగి యజమాని జేబులోకి చేరిందా అన్నది వేరే ప్రశ్న. అలా అడగడం మర్యాద కాదని సారు అభిప్రాయం.

ఆయన గురి ఎక్కువగా రాజమండ్రి పెన్నుల మీద. వాటి మీద ఉపన్యాసం తప్పదు. అక్కడి కోసూరి వెంకటరత్నం గారు చేసిన పెన్ను గాంధీజీ అనుచరుడు కుమారప్ప చేతుల మీదుగా మహాత్ముడికి చేరడం, 1935లో వార్ధా నుంచి ఆయన మెచ్చుకుంటూ ఉత్తరం రాయడం చెప్పేటప్పుడు ఆ ఉత్తరం తన పేరనే వచ్చినంత ఠీవిగా చెబుతాడు. చెబుతూ చెబుతూ ఎదుటివాడి పెన్ను అందుకుంటాడు. గాంధీజీ పేరు విన్నాక ఇవ్వననడం ఎవరికైనా కష్టమే. హైదరాబాద్ వెళ్తే ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్‌కు పోకుండా రాడు. కొనడానికి కాదు, చూడటానికి. ఆ షాపు 1928 నాటిది, ఇలాంటి మనుషుల్ని అది చాలామందినే చూసి ఉంటుంది.

విప్పడంలో మాత్రం సారును తప్పు పట్టలేం. పాళీ పైకి ఉండేలా నిలబెట్టి పట్టుకుని గొట్టం తిప్పుతాడు, లేకపోతే గొట్టంలోని సిరా అంతా లుంగీ మీదే. బిగుసుకుపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మరలకు దగ్గరగా పట్టుకుంటాడు. పటకారు పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. అక్కడి నుంచి పచ్చి బాలింతకు పెట్టినన్ని పత్యాలు మొదలవుతాయి. వేడినీళ్లు కూడదు. ఈ పెన్నులు చేసే ఎబోనైటంటే గంధకం కలిపి గట్టిపడేదాకా ఉడికించిన రబ్బరు, వేడి తగిలితే నిగనిగలాడే నలుపు కాస్తా పాలిపోయి మట్టిరంగుకు తిరుగుతుంది. ఎండ కూడదు, అదే కారణం. స్పిరిట్ కూడదు. వ్యాజిలిన్ రబ్బరుకు పడదు, మరలకు సిలికాన్ గ్రీజే రాయాలి. పాళీ ఉన్న ముక్క చల్లటి నీళ్లలో రాత్రంతా నానాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండాలి. ఎండిన సిరా ఎన్ని పూటలకు వదులుతుందో దాని ఇష్టం, మన ఇష్టం కాదు.

అది వదిలాక పాళీ, నాలుక రెంటినీ గుడ్డతో కలిపి పట్టుకుని, అటూ ఇటూ ఊపకుండా తిన్నగా లాగుతాడు. రాకపోతే రంధ్రమున్న చెక్క మీద నిలబెట్టి, వెనక నుంచి సన్నటి కడ్డీతో మెల్లగా తడతాడు. అంతకుముందే పాళీ ఎంత లోపలికి దిగి ఉందో కాగితం మీద గీసి పెట్టుకుంటాడు. గీయడానికి పెన్సిలే వాడతాడు, ఎందుకంటే ఇంట్లో రాసే స్థితిలో ఉన్న పెన్ను లేదు.

విప్పిన భాగాలకు నివాసం పోపుల పెట్టె. ఆవాల గిన్నెలో పాళీలు, మెంతుల గిన్నెలో నాలుకలు, జీలకర్ర గిన్నెలో మూతల క్లిప్పులు. చేత్తో కోసిన మరలు గనక ఒకదాని మూత ఇంకోదానికి పడుతుందన్న నమ్మకం లేదు. ఏది ఎవరిదో గుర్తుపెట్టుకోవడమే పెద్ద విద్య. ఆ ఇంటి పప్పుచారులో పోపు ఎందుకుండదో చుట్టాలకు చాలాకాలం అర్థం కాలేదు.

ఒక పెళ్లిలో జరిగింది చెప్పుకోవాలి. కట్నాలు రాసే పెద్దాయన దగ్గర వాళ్ల నాయన నాటి పెన్ను ఉంది. పక్కనే కూర్చున్న సారు, "కాకా, జర ఇటియ్యి, మర బిర్రయినట్టుంది" అన్నాడు. కవర్లు పట్టుకున్న జనం పందిరి దాటి రోడ్డెక్కారు. సారు పెన్ను విప్పి, వంటవాళ్ల దగ్గర గిన్నె అడిగి తెచ్చి, చల్లటి నీళ్లలో వేశాడు.

"ఇంకెంత సేపు పడ్తది సారూ?"

"పొద్దుగాల సూద్దాం."

పెళ్లికూతురు అప్పటికి అత్తగారింట్లో ఉంటుందని ఎవరో గుర్తు చేశారు. కట్నాలన్నీ చివరికి ఒక పిల్లాడి స్కెచ్ పెన్నుతో, ఆకుపచ్చ రంగులో రాశారు.

ఈ ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు. కాళ్లకల్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే కుర్రాడొకడికి సారంటే అభిమానం, ఆ పద్ధతంటే జాలి. "వైస్‌ల పెట్టి ఒక్క తిప్పు తిప్పితే అయిపాయె గద సార్" అన్నాడోసారి. సారు వాడితో నెల్లాళ్లు మాట్లాడలేదు.

వాళ్లిద్దర్నీ కలిపింది డల్లాస్ అల్లుడు. మామగారి అభిరుచి తెలిసి, లేత్ మీద చేత్తో చెక్కిన కొయ్య పెన్ను పంపాడు. సారు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రీఫిల్ బయటికి వచ్చి లోపలికి పోయింది తప్ప ఏదీ ఊడలేదు. ఎక్కడా మరలు లేవు! రెండు పూటలు అన్నం సహించలేదు. చివరికి పంతం మాని కుర్రాడికే కబురు పెట్టాడు. వాడు చూడగానే చెప్పాడు: "ఇది తిప్పేది కాదు సార్, ప్రెస్ ఫిట్టు." లోపల సన్నటి ఇత్తడి గొట్టం, దానికి జిగురుతో అంటిన కొయ్య, రెండు కొసల్లో నొక్కి దించిన లోహపు ముక్కలు. పై భాగం గుంజి రీఫిల్ తీశాక, గొట్టంలో పట్టే కడ్డీని లోపలి నుంచి పెట్టి తడితే మొన దానంతటదే వస్తుంది. కడ్డీ సన్నమైతే పక్కకు జారి ఇత్తడిని గీరుతుంది. లావైతే ఇరుక్కుంటుంది, జోరుగా కొడితే కొయ్య చీలుతుంది.

వాడు సరిగ్గా సరిపోయే కడ్డీ ఒకటి చెక్కి తెచ్చాడు. సారు కింద తువ్వాలు పరిచాడు. గురుశిష్యుల్లో ఎవరు గురువో ఆ మధ్యాహ్నం తేలలేదు. నాలుగైదు దెబ్బలకు మొన టప్పున ఎగిరి బియ్యం డబ్బా వెనకాల పడింది. కొయ్య చెక్కుచెదరలేదు. ధనియాల గిన్నె ఖాళీ అయింది.

ఆదివారం అల్లుడు వీడియో కాల్ చేశాడు. "మామయ్యా, పెన్ను ఎట్లుంది? మంచిగ రాస్తుందా?"

సారు పోపుల పెట్టె మూత తీసి, ఫోను ముందుకు వంచి చూపించాడు. "సూడుండ్రి అల్లుడుగారూ, ఇంతవరకు ఒక్క గీత పడలే!"