ల్యాప్‌టాపీయం: టీకా, తాత్పర్యం, కొంత అధికప్రసంగం

మూలం: “17.3 అంగుళాల విశాలమైన తెర, ఫుల్ హెచ్‌డీ, సినిమా చూసిన అనుభూతి, వృత్తి నిపుణులకు ప్రత్యేకం.”

అవతారిక: విజయవాడ బందరు రోడ్డులో ఒక దుకాణాన, వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ పక్కన నిలబెట్టిన అట్ట మీది వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం 2011కు ముందుది కాజాలదు. హేతువు దిగువ చెప్పబడును. ‘విశాలమైన’, ‘తెర’ సుబోధకాలు కనుక వదిలేశాం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది పలకననీ కోలాచలం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మేం పెట్టుకోలేదు.

17.3 అంగుళాల: ఇది మూల నుంచి మూలకు కొలత. పూర్వం పెద్ద వర్క్‌స్టేషన్ల తెర 17 అంగుళాలే కదా, ఇప్పుడు పెరిగినట్టే కదా అనిన, చెప్పుచున్నాము. 2010 నాటి హెచ్‌పీ ఎలైట్‌బుక్ 8740డబ్ల్యూ తెర 16:10 నిష్పత్తిలో, 1920×1200 పిక్సెళ్లతో ఉండేది. మరుసటేడు వచ్చిన 8760డబ్ల్యూకు 17.3 అంగుళాలు, 16:9, 1920×1080. డెల్ ప్రెసిషన్ ఎం6500కీ ఎం6600కీ మధ్య జరిగింది కూడా ఇదే. పాత తెర ఎత్తు 9 అంగుళాలు, కొత్తది ఎనిమిదిన్నర. వైశాల్యం 130 చదరపు అంగుళాల నుంచి 128కి దిగింది. అంకె పెరిగింది, అద్దం తగ్గింది! ప్యానెల్ కర్మాగారాల్లో పెద్ద గాజుపలకను అందరికీ ఒకే నిష్పత్తిలో కోస్తే చవక. టీవీకి తెచ్చిన గుడ్డలో మనకూ చొక్కా కుట్టేశారన్నమాట.

విశేషం: అడ్డంగా సాగి నిలువున కుంచించుకుపోయిన పుట మనకు కొత్తదేమీ కాదు. డెల్టాలో ఏ కాలువగట్టున చూసినా తాటిచెట్లే. ఆ ఆకు మీద ఎత్తు రెండు మూడు వేళ్లు, పొడవు అడుగు పైమాటే. గంటంతో గీస్తే ఆరేడు పంక్తులు పడితే గొప్ప. శ్రీతాళమనే మరో జాతి ఆకు దొరికినవాడికి ఇంకాస్త వెడల్పు, ఇంకాస్త మెత్తన. తాడు దూర్చే బెజ్జం చుట్టూ చోటు వదిలి, అక్షరాలను ఇటూ అటూ సర్ది, గీసినదాని మీద మసి రుద్ది తుడిస్తే అప్పుడు కదా కంటికి ఆనేది! కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి అడిగాడని రాయలు చెప్పుకున్న ఆముక్తమాల్యద సైతం అచ్చుయంత్రం వచ్చేదాకా ఆ ఆకుల మీదే బతికింది. నడుము విరిగింది, మెడ విరిగింది, ఈ పుస్తకాన్ని కాపాడండి అని లేఖకులు చివర మొరపెట్టుకునేవారు. అయినా వారు తాటిచెట్టును తిట్టలేదు. చెట్టు తన ఆకు ఇచ్చింది. నిపుణులకు ప్రత్యేకం అని అట్ట కట్టుకోలేదు. ఇంతకీ ఎక్కడున్నాం? ల్యాప్‌టాప్ దగ్గర.

ఫుల్ హెచ్‌డీ: 1920×1080. తెలుగు నిలువునా పెరిగే లిపి. ‘స్వాతంత్ర్యం’ రాయండి: తకారం కింద రకారం, యకారం వేలాడతాయి. పైన గుడులు, దీర్ఘాలు. వరుసకు 24 పిక్సెళ్లు వేసుకున్నా, పోయిన 120 పిక్సెళ్లలో ఐదు వరుసలు పోయాయి. మిగిలినదాంట్లో పైన మెనూలు, కింద టాస్క్‌బార్. ఏలూరు రోడ్డు పుస్తకాలకు పేజీలు కట్టే డీటీపీ కుర్రాణ్ని అడగండి. పంచాంగం పేజీ మొత్తం తెరకు తెస్తే “ఒత్తు ఏదో ఆనట్లేదండీ” అంటాడు. పెద్దది చేస్తే సగం పేజీ కిందికి పోతుంది. పొద్దస్తమానం మౌస్ చక్రం తిప్పడమే. పేజీకి రెండు పక్కలా మాత్రం బెత్తెడేసి ఖాళీ! ఆ ఖాళీకి మనం డబ్బు కట్టాం.

ఆక్షేపం: 4కే తెర ఉండగా ఈ ఏడుపేల? సమాధానం: అక్షరం చెక్కినట్టుంటుంది, కాదనం. కానీ అంగుళానికి 255 పిక్సెళ్లు. ఉన్నదున్నట్టు చూస్తే చీమలు, 200 శాతానికి పెంచితే మళ్లీ 1080కి సరిపడా చోటే. పైగా మన డీటీపీవాళ్లు ఇంకా వదలని పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. దానికి ఈ పెంపకాలు తెలియవు.

వృత్తి నిపుణులకు: నిపుణుడు ఆఫీసులో సినిమా చూస్తాడని కర్త ఆశయం కాబోలు. మీటల పలకకు కుడిపక్క అంకెల మీటలు కూడా ఉంటాయి. పద్దులవాళ్లకు మేలే. రాసేవాడికి మాత్రం చేతులు ఎడమకు, తెర మధ్యకు, మెడ రెంటికీ నడుమ. పాత లేఖకుడి మొర మళ్లీ వినిపిస్తుంది, ఈసారి చెట్టు నేరమేమీ లేకుండా.

తాత్పర్యం: 2022లో థింక్‌ప్యాడ్ పీ16, జెడ్‌బుక్ ఫ్యూరీ 16 జీ9 వంటివి 16:10కి తిరిగొచ్చాయి. 16 అంగుళాల ఆ తెర ఎత్తు కూడా ఎనిమిదిన్నరే, అంటే 17.3 వాడిదెంతో అంతే. కనుక కొనబోయే చదువరీ, అట్ట మీది అంకె నమ్మకండి. జేబులో స్కేలు పెట్టుకెళ్లి, తెరను నిలువునా కొలిచి, అప్పుడు బేరమాడండి.