పరువు నష్టం

పైసా పైసా లెక్కచూసి సినిమాలు తీయడంలో హాలీవుడ్‌లో రోజర్ కార్మన్ తర్వాతే ఎవరైనా. 1966 మొదట్లో ఆయన 'లైఫ్' పత్రికలో ఒక ఫొటో చూశాడు. తమవాడొకడి అంత్యక్రియలకు బైకుల మీద బారులు తీరి పోతున్న హెల్స్ ఏంజెల్స్ ముఠా. కాలిఫోర్నియాలో ఆ పేరు వింటేనే జనం జడుసుకునే రోజులవి. ఇంకేం, కథ దొరికింది. 3 లక్షల 60 వేల డాలర్లు, మూడు వారాల షూటింగు. సినిమా పేరు 'ది వైల్డ్ ఏంజెల్స్'.

హీరోగా ముందు అనుకున్న జార్జ్ చకిరిస్‌కి బైకు నడపడం రాదు. ఆస్కార్ అందుకున్నవాడే, కానీ ఇక్కడ కావలసింది బ్యాలెన్సు. దాంతో రెండో వేషానికి తీసుకున్న పీటర్ ఫోండా హీరో అయిపోయాడు.

జూనియర్ ఆర్టిస్టులకి గడ్డాలంటించే ఖర్చెందుకని, గుంపు వేషాలకి అసలు ముఠావాళ్లనే మాట్లాడుకున్నాడు కార్మన్. రోజుకి మనిషికింత, బైకుకింత, వెంట వచ్చే ఆడమనిషికింత. ఆడమనిషి రేటు బైకు రేటు కన్నా తక్కువ! బేరం చక్కగా కుదిరింది.

తీరా కెమెరా పెట్టి 'యాక్షన్' అంటే బైకులు కదిలితేనా? ఒకటి స్టార్టయితే ఇంకోటి మొరాయించేది. పొడుగాటి ఫోర్కులు, ఎత్తు హ్యాండిళ్లు, చూపుకి మాత్రం రాజసమే. పోలీసులకి జడవని వీరులు కిక్కు కొట్టీ కొట్టీ ఆయాసపడుతుంటే, కార్మన్ గడియారం చూసుకునేవాడు.

మొత్తానికి సినిమా పూర్తయింది, వెనిస్ చిత్రోత్సవం దాకా వెళ్లింది, పెట్టుబడికి ఎన్నో రెట్లు రాబట్టింది. అప్పుడు గుర్తొచ్చింది ముఠావాళ్లకి, తమకి పరువనేది ఒకటుందని. లక్షల డాలర్లకి దావా వేశారు. మమ్మల్ని రౌడీమూకగా చూపించారు, నిజానికి మాది మోటారు సైకిళ్ల సాంకేతిక పరిజ్ఞానాన్ని వ్యాప్తి చేసే సామాజిక సంస్థ అన్నారు. ఆ స్టార్టు కాని బైకుల సంగతి కోర్టులో ఎవరైనా ఎత్తారో లేదో మరి.

దావాతో ఆగలేదు. పరువు తీసినందుకు కార్మన్‌ని చంపేస్తామని పత్రికలవాళ్లతోనే చెప్పారు. తర్వాత ముఠా నాయకుడు స్వయంగా ఫోన్ చేసి అదే మాటన్నాడు.

కార్మన్ తొణకలేదు. "చూడు నాయనా, చంపుతామని ఊరంతా చాటారు. రేపు నేను బాత్‌టబ్బులో కాలుజారి పడ్డా పోలీసులు మీ ఇంటికే వస్తారు. పైగా నేను పోతే ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేస్తారు? చంపే సరదా మానుకుని, దావా సంగతి చూసుకోండి" అన్నాడట.

అవతల కాసేపు ఆలోచన.

"అవునన్నా, నువ్వన్నదే నిజం. డబ్బే తీసుకుంటాం."

ఫోన్ పెట్టేశాడు.