మొదటి ర్యాంకు

2021 చివర్లో గుంటూరు, ప్రకాశం మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. రైతులు అంతకు ముందెన్నడూ చూడని పురుగు. నేరుగా పూతలో చేరి రసం పీల్చేది. శాస్త్రవేత్తలు నీలం జిగురు అట్టలు పెట్టుకోమన్నారు, ఇష్టమొచ్చినట్టు మందులు కొట్టొద్దన్నారు. కళ్లెదుట పూత రాలిపోతుంటే ఎవరి మనసు ఊరుకుంటుంది? దొరికిన మందల్లా కలిపి కొట్టారు. తామర పురుగును తినే మిత్రపురుగులు ముందు చచ్చాయి.

అప్పుడే మా ఊరి రైతుభరోసా కేంద్రానికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. వ్యవసాయ సహాయకురాలు. మందు డబ్బా చూసి కొనడం నేర్పుతానని రామాలయం అరుగు మీద అందరినీ కూర్చోబెట్టింది. డబ్బా మీది అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి, చదువుకున్నవాళ్లకే ఆనవు. పైగా వచ్చినవాళ్లలో సగం మంది వేలిముద్ర బాపతు. తెలివైన పిల్ల, అక్షరాల జోలికే పోలేదు. 1971 నాటి నిబంధనల ప్రకారం ప్రతి పురుగుమందు డబ్బా మీదా మూల మీద నిలబెట్టిన చదరం గుర్తొకటి ఉంటుంది. దాని కింది సగం రంగు చూస్తే చాలంది. ఎరుపైతే మహా విషం: కిలో బరువుకు 50 మిల్లీగ్రాములలోపు మందు కడుపులో పడితేనే ప్రయోగానికి పెట్టిన జంతువుల్లో సగం చస్తాయి. దాని తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. అన్నిటికన్నా విషం తక్కువది ఆకుపచ్చ.

చివర్లో పరీక్ష పెట్టింది. ఖాళీ డబ్బాలు కలగాపులగంగా పోసి, విషం ఎక్కువదాని నుంచి తక్కువదాని దాకా వరసగా పేర్చమంది. డిగ్రీ చదివిన కుర్రాళ్లు పసుపు దగ్గర తడబడ్డారు. బడి మొహం చూడని ఒక ముసలి కౌలురైతు మాత్రం చకచకా పేర్చేశాడు. ఒక్కటీ తప్పు లేదు.

"ఎట్లా గుర్తుపెట్టుకున్నావు తాతా?" అంది ఆ అమ్మాయి, సంబరంగా.

"రంగు చూసి గ్రేడు కట్టడం మాకు కొత్తా తల్లీ? కల్లంలో తాలుకాయేదో ఎర్రకాయేదో తెలీకుండానే యార్డుకు టిక్కీలు తోలుతున్నామా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వారం తిరక్కముందే పురుగుమందుల కొట్లో ఆ తాత కనిపించాడు. కొట్టాయన ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. తాత దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గుర్తు దగ్గర ఆగాడు. ఆకుపచ్చ.

డబ్బాను వెనక్కి నెట్టేశాడు.

"ఏందయ్యా, చదువు రానోడినని నాకు తాలు సరుకు అంటగడుతున్నావా? ఆ రోజులు పోయినయ్. ఎర్రది తియ్యి. ఏది గట్టి మందో మా మేడమ్ మొత్తం విడమర్చి చెప్పింది."

ఆ వారం ఆ కొట్లో అన్నిటికన్నా ముందు అయిపోయినవి ఎర్ర గుర్తు డబ్బాలే.