ఘటికాపణ న్యాయశాస్త్రం

కన్నం వేయడానికి కూడా నియమాలున్నాయని మృచ్ఛకటికంలో శర్విలకుడు మనకు చూపించాడు. గోడ ఎక్కడ తవ్వాలి, కన్నం ఏ ఆకారంలో ఉండాలి, అన్నీ శాస్త్రప్రకారమే. అలాంటిది, కన్నం జోలికే పోకుండా పట్టపగలు ఏసీ గదిలో మన దగ్గర లక్షలు పుచ్చుకొని, పైగా మననే చిన్నబుచ్చి పంపే విద్యకు ఇంతవరకు గ్రంథం లేదు. ఖరీదైన చేతిగడియారాలు అమ్మే ఘటికాపణాల్లో ఈ విద్య పూర్ణకళలతో వెలుగుతోంది. ఇందూరు (నిజామాబాద్), బోధన్ జనం దీనికి గురైనంతగా మరొకరు గురై ఉండరని నా అభిప్రాయం కనుక, ఇక్కడి దృష్టాంతాలతోనే శాస్త్రం ఆరంభిస్తున్నాను.

ముందు ప్రమేయం. వైశేషికులు తొమ్మిది ద్రవ్యాలు చెప్పారు. అందులో కాలం ఒకటి. అది ఒక్కటే, నిత్యం, అంతటా ఉంటుంది, ఎవరి సొత్తూ కాదు. ఘటికాపణంలో మాత్రం అది అద్దం వెనక, మఖ్మల్ మెత్త మీద, జీఎస్టీతో కలిపి ఉంటుంది. పైగా అక్కడి కాలం నడవదు. కంపెనీ పేరుకు ముళ్లు అడ్డం రాకూడదని వాచీలన్నిటినీ పదీ పది దగ్గర ఆపేస్తారు. ఇంకో వింత వినండి. రోడ్డు పక్కన వందల్లో దొరికే క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మామూలుగా అయితే నెలంతా కలిపినా పదీ ఇరవై సెకన్లే తేడా. లక్షలు పోసి కొనే మెకానికల్ వాచీకి స్విట్జర్లాండు పరీక్షా సంస్థ సీఓఎస్‌సీ ఇచ్చే వెసులుబాటే సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనక, ఆరు సెకన్లు ముందు. అంటే ఘటికాపణానికి పోయేవాడు టైము కోసం పోవడం లేదు. మర్యాద కోసం పోతున్నాడు. సరిగ్గా అదే అక్కడ స్టాకు ఉండదు.

ఇక ప్రమాణాలు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు. మీ జేబులోని డబ్బు బయటికి కనిపించదు గనుక ఘటికాపణం పూర్తిగా అనుమానం మీద నడుస్తుంది. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో, కొండ మీద పొగ చూసి నిప్పును తేల్చే పద్ధతిని ఐదు అవయవాలుగా విడదీసి చూపాడు. సేల్స్ కుర్రాడు ఆ ఐదింటినీ రెప్పపాటులో ముగిస్తాడు. ఈయన కొనడు: ఇది ప్రతిజ్ఞ. కాళ్లకు హవాయి చెప్పులున్నాయి గనుక: ఇది హేతువు. ఎవరి కాళ్లకు హవాయి చెప్పులుంటాయో వాళ్లు కొనరు, మొన్న ఏసీ బాగుచేయడానికి వచ్చినాయన లాగా: ఇది ఉదాహరణ. ఈయన కాళ్లకూ అవే ఉన్నాయి: ఉపనయం. కాబట్టి ఈయన కొనడు, చల్లగాలికి వచ్చాడు: నిగమనం. నిజానికి ఈ తర్కం గుమ్మంలోనే మొదలవుతుంది. తలుపు తీసే సెక్యూరిటీ ఆయన చెయ్యి ఎంత తొందరగా కదిలిందో చూసి, అనుభవం ఉన్నవాళ్లు తమ గతి ఏమిటో అక్కడే గ్రహిస్తారు.

ఈ హేతువులో దోషముంది. గుర్తు అనుకున్నది సాధ్యం ఉన్నచోటా లేనిచోటా సమానంగా కనిపిస్తే దాన్ని సవ్యభిచారం అంటారు. హవాయి చెప్పులు అటువంటివే, ఇందూరు జిల్లాలో మరీను. ఆర్మూరు, బాల్కొండ దిక్కు పసుపు రైతు ఎనిమిది తొమ్మిది నెలలు పంటను కాచుకొని, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తాడు. కాలం కలిసొచ్చి ధర పలికితే డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. చేతికంటిన పసుపు మాత్రం ఒక్కసారే పోదు. 2025లో జాతీయ పసుపు బోర్డు ఇక్కడికి వచ్చింది గాని, బోర్డుతో పాటు బూట్లు రాలేదు. ఇక్కడి ధనం చెప్పులేసుకొని తిరుగుతుంది. ఆదాయపు పన్ను శాఖకు ఈ సంగతి తెలుసు. అది కాళ్లు చూడదు. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ అడుగుతుంది. పది లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం అక్కడికక్కడే వసూలు చేయిస్తుంది. ప్రభుత్వం కూడా ఇంత మర్యాదగా ఉన్నచోట దుకాణం బిగుసుకోవడం విచారకరం.

వాచీకీ ఈ ప్రాంతానికీ సంబంధం నిన్నటిది కాదు. హెచ్‌ఎంటీ జపాన్ సిటిజన్‌తో కలిసి 1961లో వాచీలు మొదలుపెట్టింది. ఆ తర్వాత మన హైదరాబాద్ ఆల్విన్ సీకోతో చేతులు కలిపింది. పెండ్లి మాటల్లో సైకిలు, రేడియో, గడియారం ఒక్క ఊపిరిలో వచ్చేవి. ఇక గల్ఫ్ సంగతి. దుబాయి నుంచి దిగినాయన చేతికి బంగారు రంగు రాడో, భుజం మీద టేప్‌రికార్డరు లేకపోతే పోయొచ్చాడని ఊరు నమ్మేది కాదు. గీత పడదన్న పేరుతో 1962లో వచ్చిన రాడో డయాస్టార్ వాచీ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి పెండ్లిళ్లలో ఎన్ని చేతులు మారిందో స్విట్జర్లాండుకు తెలియదు. ఈ చేతులకు వాచీ కొత్త అని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల చదువు తక్కువ.

దృష్టాంతం. దుకాణం పేరు అనవసరం, హైదరాబాదులో ఒక అద్దాల మేడ. పసుపు అమ్మిన పెద్దాయన కాబోయే అల్లుడికి వాచీ పెట్టాలని అతన్నే వెంటబెట్టుకొని పోయాడు. అల్లుడు బయట ఫోన్‌లో ఉన్నాడు.

"ఏం కావాలె కాకా?"

"ఆ నీలం పలకది తియ్యి బిడ్డా, చూస్తం."

"అది మస్తు రేటుంటది కాకా."

"నేను రేటు అడిగిన్నా? తియ్యమన్న."

కుర్రాడు తెల్ల తొడుగులు వేసుకొని వాచీని పళ్లెంలో పెట్టాడు. పళ్లెం తన వైపే ఉంచుకున్నాడు. పెద్దాయన చెయ్యి చాపాడు. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు ఉంది. కుర్రాడి చూపు ఆ గోళ్ల మీద ఆగింది, పళ్లెం రెండంగుళాలు వెనక్కి జరిగింది. శాస్త్రజ్ఞులు గమనించవలసింది ఆ రెండంగుళాలే. నోటితో ఒక్క తప్పు మాట లేదు. కాకా అన్నాడు, నవ్వాడు. ఫిర్యాదు రాయబోతే కాగితం మీద పెట్టడానికి ఏమీ దొరకదు. ఇంతలో అల్లుడు లోపలికొచ్చాడు. కుర్రాడి కళ్లు నేల మీదికి పోయి మెరిసే బూట్ల దగ్గర నిలిచాయి. "సార్, కూర్చోండి సార్. కాఫీయా, గ్రీన్ టీయా?" పళ్లెం అటు తిరిగింది. ఆ బూట్లు మామ కొనిచ్చినవే. హేతువు అల్లుడి కాళ్లకుంది, సాధ్యం మామ జేబులో ఉంది. ఇలా రెండూ చెరో చోట ఉండడాన్ని వ్యధికరణం అంటారని చదువుకున్నప్పుడు నాకు అర్థం కాలేదు. ఇక్కడ అర్థమైంది.

కాఫీ ప్రస్తావన వచ్చింది గనుక జలభేదం రెండు ముక్కల్లో ముగిస్తాను. అధమాధికారికి ఏమీ ఇవ్వరు. మధ్యమాధికారికి 200 మిల్లీలీటర్ల నీళ్ల సీసా, అది కూడా అడిగితే. ఉత్తమాధికారికి పింగాణీ కప్పులో కాఫీ, పక్కన బిస్కెట్టు. ఒక తరగతి నుంచి పై తరగతికి పోవడానికి తపస్సు అక్కర్లేదు, కారు తాళాలు బల్ల మీద పెడితే చాలని సంప్రదాయజ్ఞులు చెబుతారు.

ఇప్పుడు శాస్త్రానికి ఆయువుపట్టయిన అభావ ప్రకరణం. అన్నంభట్టు లేమిని నాలుగు రకాలుగా చెప్పాడు. "ఇంకా రాలేదు సార్, వచ్చే నెల చూడాలె" అంటే ప్రాగభావం, వస్తువు పుట్టకముందుండే లేమి. "అయ్యో, నిన్న సాయంత్రమే పోయింది" అంటే ప్రధ్వంసాభావం. "ఆ మోడల్ ఇండియాకు రాదు" అంటే అత్యంతాభావం. "మీరు ఫోన్‌ల చూసింది వేరు, ఇది వేరు" అంటే అన్యోన్యాభావం. ఇంతవరకు పూర్వులు చెప్పిందే. ఘటికాపణం ఐదోది కనిపెట్టింది. వస్తువు ఎదురుగా ఉంది, దీపం కింద మెరుస్తోంది, చేతికి పెట్టుకొని ఫొటో కూడా దిగవచ్చు, కానీ లేదు. పక్కన చిన్న బిళ్ల: ప్రదర్శనకు మాత్రమే. రోలెక్స్ లాంటి పెద్ద పేర్ల దుకాణాల్లో కొన్నేళ్లుగా దేశదేశాల్లో చెల్లుతున్న ఆచారం ఇది. నేల మీద కుండ లేదని నిరూపించడానికి నైయాయికులు పుటలకు పుటలు ఖర్చుపెట్టారు. కుండను నేల మీద పెట్టి మరీ అది లేదని చెప్పే ధైర్యం వాళ్లలో ఒక్కరికీ రాలేదు. దీనికి ప్రత్యక్షాభావం అని నామకరణం చేస్తున్నాను.

ప్రత్యక్షాభావానికి పరిహారం నిరీక్షణ. "పేరు, నంబరు రాసి పొండి, వస్తే ఫోన్ చేస్తం." వరుసలో నిలబడడం బోధన్ వాళ్లకు కొత్త కాదు. నిజాం కాలంలో, 1937లో పుట్టిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. నిజాంసాగర్ నీళ్లతో పెరిగిన చెరకుకు అదే దిక్కు. పంట నీదే, కానీ నరకడం నీ ఇష్టం కాదు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రావాలి. నరికాక బండ్ల వరుస, కాంటా, ఆ తర్వాత బిల్లు కోసం ఎదురుచూపు. అయినా ఆ వరుసలో ఒక ధర్మముంది. నీ ముందు ఎన్ని బండ్లున్నాయో నీ కళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. (కలిపారా అన్నది ఇంకో శాస్త్రం, దానికి ఇంత నవ్వు సరిపోదు.) ఘటికాపణపు వరుసకు తలా లేదు, తోకా లేదు. నంబరు ఇవ్వరు. ముందు ఎందరున్నారో చెప్పరు. నీ వెనక వచ్చినవాడు నీకంటే ముందు తీసుకుపోతే అడగడానికి నీ చేతిలో చీటీ ముక్క ఉండదు. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి 2015 డిసెంబరులో మూతపడింది. దాని సైరన్ మోగినంత కాలం చుట్టుపక్కల గడియారాలన్నీ దాన్ని బట్టే తిరిగేవి. టైము చెప్పడానికి అది ఎవరి బడ్జెట్టూ అడగలేదు.

వరుసలో ముందుకు జరిగే ఉపాయం మీమాంసకుల దగ్గర దొరుకుతుంది. ప్రధాన యాగానికి ముందు అంగయాగాలు చేయాలి. మీకు కావలసిన వాచీ ప్రధానం. దానికి ముందు, ఎవరూ అడగని వాచీ ఒకటి ఇంట్లో ఆమెకు, నగ ఒకటి బిడ్డకు కొని దుకాణంలో మీ "హిస్టరీ" పెంచుకోవాలి. బోధన్ దగ్గర పదో శతాబ్దపు పంపకవి స్మృతి ఉంది, రాష్ట్రకూటుల చరిత్ర ఉంది; అదేదీ పనికిరాదు, బిల్లుల హిస్టరీ కావాలి. ఒకటి కొంటేనే ఇంకొకటి అమ్ముతామని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతుల కింద పేర్కొంది. అందుకే ఈ షరతును ఎవరూ షరతుగా చెప్పరు. "తీసుకుంటే మీకే మంచిది సార్" అంటారు.

పూర్వపక్షం: సేల్స్ కుర్రాడు రోజంతా నిలబడే ఉంటాడు, నెల తిరిగేసరికి టార్గెట్ చూపాలి, తాను అమ్మే వాచీ తన ఏడాది జీతానికి దొరకదు, కొనకుండా ఫొటోలు దిగి పోయేవాళ్లతో విసిగిపోయాడు. అతన్ని అనడం ధర్మమా? ఇందులో సగం ఒప్పుకుంటాను. ఏ వాచీ ఎవరికి పోవాలో తేల్చేది అతను కాదు. వరుసను దాచిపెట్టమన్నదీ అతను కాదు. నా కోపం ఆ పై మెట్టు మీద. కానీ ఆ రెండంగుళాలు మాత్రం ఎవరూ జరపమనలేదు. అవి అతని సొంతం. పెద్దాయన లేచి నిలబడి "నీదే ఊరు బిడ్డా?" అని అడిగితే కుర్రాడు "వర్ని, కాకా" అన్నాడట. వర్ని బోధన్ పక్కనే.

ఉత్తరకాండ చిన్నది. కొన్నాక వాచీ వదులైతే గొలుసు లింకులు తీయాలి. తీసినవి అడిగి తెచ్చుకోకపోతే పోయినట్టే. సర్వీసుకు ఇస్తే "పైకి పంపాలె" అంటారు. పైన అంటే ఎక్కడో చెప్పరు. కంటికి అద్దం తగిలించుకొని కూర్చునే మన బజారు రిపేరాయన తాత కట్టుకున్న హెచ్‌ఎంటీని మీ కళ్లెదుటే విప్పి మీ కళ్లెదుటే బిగిస్తాడు. ఆయన దగ్గర మఖ్మల్ లేదు, ఎవరి కాళ్ల వంకా చూడడు. చూసే తీరిక లేదు.

చిన్నచూపుకు చట్టంలో సెక్షను లేదు. వస్తువులో లోపానికి, సేవలో లోపానికి ఉంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కూడా చెప్పుకోవచ్చు. కాబట్టి హైదరాబాదు పోయి వాచీ కొనే ఇందూరు వాళ్లకు ఒక్క మనవి: వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి, బిల్లు భద్రంగా పెట్టుకోండి. వాచీ ఎక్కడ కొన్నా సరే, మీరు ఉండే ఊరిని బట్టి కేసు నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. అక్కడికి చెప్పులతోనే పోవచ్చు.