ఆకు మడిస్తే పాపం మాయం

తమిళనాడులో సాత్తూరు వైపు పెళ్ళికి వెళ్తే భోజనాల పంక్తి చివర కాసేపు నిలబడండి. తిన్న పెద్దమనిషి ఆకును పైనుంచి తనవైపుకు మడిచి లేస్తాడు. పెట్టినవాళ్ళ మీద గౌరవం. ఆ మడత మాత్రం విప్పకండి. లోపల ఒక పక్కే కొరికిన జాంగిరి, చెయ్యి తగలని వడ, సాంబారులో నాని చచ్చిన అప్పడం, గుప్పెళ్ళకొద్దీ అన్నం ఉంటాయి.

తప్పు ఆయనొక్కడిదే కాదు. "ఇంకొంచెం వేయించుకో మామా, మా పిల్ల పెళ్ళి మళ్ళీ వస్తుందా!" అంటూ వద్దన్నా వడ్డిస్తారు. ఆకు ఖాళీగా కనిపిస్తే పెళ్ళివారి పరువు తక్కువ. అంతా ఊడ్చి తింటే చుట్టం పరువు తక్కువ. చివరికి ఇద్దరి పరువూ నిలిచింది, అన్నం ఒక్కటే పెంట మీదికి పోయింది.

నిజానికి ఇది పారేసే నేల కాదు. వాన పడితేనే పండే నల్లరేగడి. అందుకే ఇక్కడ పేరుమోసిన తిండ్లన్నీ నిలవుండేవే: సాత్తూరు కారాసేవు, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలై మిఠాయి, అంటే మన పల్లీపట్టి. పక్కనే ఎట్టయపురంలో 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిన అప్పటి ముఖ్యమంత్రి కామరాజును ఇదే సాత్తూరు 1957లోనూ, 1962లోనూ శాసనసభకు పంపింది. పూటకింత అన్నం పెడితే పిల్లలు బడికొస్తారని ఆయన లెక్క. ఆ బడి అన్నంతో పైకొచ్చినవాళ్ళ మనవలకు ఇప్పుడు అన్నం వదిలేస్తేనే హోదా.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో లెక్క చెప్పింది. 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్ళలోదే. మన దేశంలో ఇంటి వాటా తలకు ఏడాదికి 55 కిలోలు. "మా ఇంట్లో మెతుకు కూడా పారెయ్యం" అని మీరంటారు. అయితే మీ వంతు పాపం పక్కింటివాళ్ళు మోస్తున్నారన్నమాట.

ఇంట్లో మనకో పుణ్యక్షేత్రం ఉంది, ఫ్రిజ్. మిగిలిన పులుసు మొదటిరోజు చిన్న గిన్నెలోకి, రెండోరోజు ఇంకా చిన్న గిన్నెలోకి మారుతుంది. నాలుగోరోజు మూత తీసి, వాసన చూసి, మొహం చిట్లించి తొట్టిలో పోస్తాం. అదే రోజు పారేస్తే పాపం, నాలుగు రోజులు చల్లబరిచి పారేస్తే సంసారం.

సూపర్‌మార్కెట్‌లో మనకు మోచేతి దాకా భక్తి. ముందు వరసలోని పెరుగు ప్యాకెట్లను పక్కకు నెట్టి, వెనకనుంచి కొత్త తేదీది లాగుతాం. ఇంటికి తెచ్చి ఆ సాయంత్రమే అన్నంలో వేసుకు తినేస్తాం. ముందు వరసది అక్కడే గడువు తీరి పోతుంది. ఆనక "ఈ షాపులవాళ్ళు ఎంత పారేస్తారో!" అని మనమే నిట్టూరుస్తాం.

సాత్తూరులో సేవు అంగడి ముసలాయన ఒకడున్నాడు. విరిగిన సేవు, డబ్బా అడుగున మిగిలిన పొడి అన్నీ పోగుచేసి, పొట్లం కట్టి, తక్కువ ధరకు అమ్మేస్తాడు. ఊరంతా ఆయన్ని పిసినారి అంటుంది. ఆయన చేసే పనినే మనం ఏసీ హాల్లో సదస్సు పెట్టి, బఫే భోజనం మధ్య, ప్లేట్లు సగంలో వదిలేసి, "స్థిరమైన జీవనశైలి" అంటాం.

ప్రభుత్వం ఇలాంటి పిసినారికి ఏటా ఒక బిరుదు ఇవ్వాలి. సన్మానానికి విందు మాత్రం పెట్టకండి. పెడితే బిల్లు చూసి ఆయన బిరుదు వెనక్కిచ్చేస్తాడు.